ఉస్మానియా అంటే మెట్లేనా?

ఉస్మానియా అనంగనే మనకు ఆర్ట్స్ కాలేజీ మెట్లే యాదికొస్తయి. 1969 గానీ 2009 గానీ, మన కొట్లాట అక్కడిదే కదా! కానీ ఆ గోడల వెనక ఏం చదువు సాగిందో మనమే చెప్పుకోం. 1918లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం వైద్యాన్ని, ఇంజనీరింగును సైతం ఉర్దూలో బోధించింది. అందుకు అనువాద సంస్థనే పెట్టి శాస్త్ర పదాలను పుట్టించుకుంది. దాయిరతుల్ మారిఫ్ పాత అరబ్బీ రాతప్రతులను అచ్చేసింది. సంస్కృత అకాడమీ కూడా ఈ క్యాంపస్‌లోదే. జపాల్-రంగాపూర్‌ల 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టిన్రు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ పరిశీలించిన్రు.

రిటైరైన సార్ల కుర్చీలు ఏండ్లతరబడి నింపకపోతే ముందుగ ఆగేవి ఇసొంటి చిన్న శాఖలే. కొలువులిచ్చే కోర్సులు ఎట్లనో బతుకుతయి. ఖాళీల లెక్క అడిగేటప్పుడు ఖగోళశాస్త్రానికెందరు, అరబ్బీకెందరు, సంస్కృతానికెందరు అని విడివిడిగ అడుగుదాం.