అడవినాభిని గుర్తించుట



వానలు పడినపిదప మన కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో కంచెలపై అగ్నిజ్వాలవలె పూయు తీగను మీరు చూచియే యుందురు. తమిళులు దీనిని సెంగాందళ్ అందురు. తమిళనాడు రాష్ట్రపుష్ప మిదియే. తెలుగున అగ్నిశిఖ, అడవినాభి యని పేళ్లు.

దీని గుర్తులు నాలుగు. ఆకుకొన నులితీగయై ఆధారమును చుట్టుకొనును. ఆరు పూరేకులు అలలవలె ముడుతలుపడి వెనుకకు మడగును. పసుపువన్నెనుండి క్రమముగా ఎఱ్ఱబాఱును. పూవు నడిమి కీలము మొదటనే ప్రక్కకు వంగును. దుంప నాగలివలె రెండు కొమ్ములుగా చీలును; కనుకనే సంస్కృతమున లాంగలి, తమిళమున కలప్పైక్కిళంగు.

గింజలనుండి తీయు కాల్చిసిన్ వాతరక్తమునకు మందు. అందులకే దిండుగల్లు, కరూరు ప్రాంతముల రైతులు దీనిని పండించుచున్నారు. కాని తీగ యంతయు విషమే; దుంపను తినుగడ్డ యని భ్రమించి ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఎవరైన తిన్నచో ఇంటివైద్యముతో కాలయాపన చేయక తత్క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

నాభి యనగా విషము. తక్కిన పేళ్లు పూవు సొంపును, దుంప రూపును చెప్పును; మన పెద్దల తెలుగుపేరు హెచ్చరికను చెప్పును. పిల్లలకు ఈ పూవును చూపునపుడు ఆ పేరును గూడ నేర్పుదము.