ఇంటికొక రికార్డు రూము

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మనం డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఇంటికి పనికొచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. మన ఇళ్ళలో పోగుపడిన పాటలు, ఫొటోలు, వీడియోలను తక్కువ ఖర్చుతో ఒకచోట భద్రపరచి, ఇంటిల్లిపాదీ వాడుకునే ఏర్పాటు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను ఇంజనీరును కాను. సర్వీసంతా రికార్డుల మధ్య గడిపినవాణ్ణి. ఆ అనుభవమే ఇక్కడ ఎక్కువ పనికొచ్చింది.

ముందుగా నేను చేసిన పొరపాటు చెబుతాను. మా ఇంట్లో సొంతంగా రికార్డు చేసుకున్న కేసెట్లు 42 ఉండేవి. మా అమ్మ పాడిన మంగళహారతులు, మా నాన్నగారు మనవలను కూర్చోబెట్టుకొని చెప్పిన భారత కథలు, మా అమ్మాయి వచ్చీరాని మాటలు అందులో ఉండేవి. వాటన్నిటినీ శ్రమపడి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టుకున్నాను. పని పూర్తయిందన్న ధీమాతో కేసెట్లను పాత సామాన్లవాడికి వేసేశాను. 2019లో ఆ డిస్కు బల్లమీది నుంచి జారి కిందపడింది. రెండుచోట్ల చూపించాను, ఇద్దరూ పెదవి విరిచారు. అదృష్టవశాత్తు అంతకుముందు ఒక పండుగకు మా చెల్లెలికి పెన్ డ్రైవ్‌లో 11 కేసెట్ల పాటలు ఇచ్చి ఉన్నాను. ఆ 11 మిగిలాయి. అమ్మ గొంతు దక్కింది. నాన్నగారి గొంతు దక్కలేదు.

ఆఫీసులో ఏ ముఖ్యమైన కాగితానికైనా రెండో ప్రతి లేకుండా ఫైలు కదలనిచ్చేవాణ్ణి కాదు. ఇంటి విషయంలో ఆ సూత్రం మరిచాను.

కేసెట్లను కేసెట్లుగానే ఉంచుకుంటే సరిపోదా అని కొందరు అడగవచ్చు. ఫిలిప్స్ కంపెనీ కేసెట్‌ను 1963లో తెచ్చింది. వి.హెచ్.ఎస్. వీడియో కేసెట్ 1976లో వచ్చింది. మన తేమ వాతావరణంలో టేపుకు బూజు పడుతుంది, పొరలు అంటుకుపోతాయి. టేపు బాగున్నా దాన్ని ఆడించే యంత్రం ఉండాలి కదా! జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ వి.సి.ఆర్.ల తయారీని 2016లో ఆపివేసింది. ఇంట్లో పనిచేసే టేప్‌రికార్డరు ఇంకా ఉన్నవారు అది ఉండగానే ఈ పని మొదలుపెట్టాలి. గంట కేసెట్ ఎక్కించడానికి గంటా పడుతుంది, దగ్గరి దారి లేదు. టేప్‌రికార్డరు నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము ఉంటే చాలు. మనకున్న తీరిక పిల్లలకు లేదు, కనుక ఇది మన పనే.

ఎక్కించినవన్నీ ఎక్కడ పెట్టాలి? ఫోనులో కొన్ని, కోడలి ల్యాప్‌టాప్‌లో కొన్ని ఉంటే ఏదీ సమయానికి దొరకదు. ఇంటి నెట్‌వర్క్‌లో ఉండే నిల్వ పెట్టెను 'నాస్' అంటారు. చెప్పుకోవడానికి పెద్ద మాటే గాని సంగతి చిన్నది. ఒక మూల ఒక కంప్యూటర్, దానిలో డిస్కు, ఇంట్లోని ఇంటర్నెట్ రౌటర్‌కు ఒక వైరు. అంతే. ఇంట్లోని టీవీ, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ ఆ ఒక్క డిస్కులోని పాటలను, ఫొటోలను చూడగలుగుతాయి. హాల్లో ఉన్న బీరువాను ఎవరి గదిలోంచి వారు తెరుచుకున్నట్టన్నమాట.

ఎంత డిస్కు కావాలో కొనేముందు లెక్క వేసుకోండి. సీడీ నాణ్యతతో, ఏమీ కుదించకుండా పెట్టినా గంట పాటకు సుమారు 635 ఎం.బి. పడుతుంది. 200 గంటల కేసెట్లకు 127 జి.బి. ఫొటో ఒక్కొక్కటి 4 ఎం.బి. చొప్పున 20,000 ఫొటోలకు 80 జి.బి. పెళ్ళి, ఉపనయనం వీడియోలు 60 గంటలున్నాయనుకుంటే, గంటకు రెండుంపావు చొప్పున 135 జి.బి. మీరు కొనుక్కున్న సినిమా డి.వి.డి.లు 50 ఉంటే, ఒక్కోదానికి 8.5 చొప్పున ఎక్కువలో ఎక్కువ 425 జి.బి. అన్నీ కలిపి 767. రెండు టి.బి., అంటే 2,000 జి.బి. డిస్కులో సగం కూడా నిండలేదు. దుకాణంలో పెద్ద డిస్కు చూపిస్తే మొహమాటపడకండి. 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 50 పళ్ళేలు ఉండేవి, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ అందులో ఒక్క సినిమా పాట పట్టడం కష్టం. అక్కడి నుంచి చూస్తే మనకున్న సౌకర్యం తక్కువేమీ కాదు.

ఇక కంప్యూటర్. రెడీమేడ్ నాస్ పెట్టెలు బజారులో దొరుకుతాయి. బాగానే పనిచేస్తాయి, కానీ చాలావాటిలో పెట్టె ఖరీదు వేరు, డిస్కుల ఖరీదు వేరు. మన ఇళ్ళలో మూలన పడిన పాత కంప్యూటర్ ఉంటే పెట్టె కొనక్కర్లేదు. విండోస్ 10కు కంపెనీ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు చాలా ఇళ్ళలో పక్కన పెట్టేశారు. వాటిలో చాలావరకు ఈ పనికి పుష్కలంగా సరిపోతాయి. డెబియన్ లినక్స్ మీద నడిచే ఓపెన్ మీడియా వాల్ట్ అనే ఉచిత వ్యవస్థను వాటిలో ఎక్కించవచ్చు. పాత డిస్కుకు వ్యవస్థను, కొత్త డిస్కుకు పాటలను, ఫొటోలను కేటాయించండి. ఆ తరువాత దానికి మానిటరు, కీబోర్డు అక్కర్లేదు, మరో కంప్యూటర్‌లోని బ్రౌజరు నుంచే నడపవచ్చు. టీవీలో బొమ్మలతో జాబితా కనబడాలంటే జెల్లీఫిన్ అనే మరో ఉచిత ప్రోగ్రాము ఉంది. మొదటిసారి ఎక్కించేటప్పుడు మనవడి సాయం తీసుకోండి. ఒక ఆదివారం పని.

కరెంటు సంగతి కూడా చూద్దాం. పాత కంప్యూటర్ 50 వాట్లు తింటుందనుకుంటే, రాత్రింబవళ్ళు నడిస్తే నెలకు 36 యూనిట్లు. రోజుకు ఆరు గంటలే నడిపితే 9 యూనిట్లు. పాటలు వినే వేళకు వేసుకొని తరువాత పద్ధతిగా ఆపండి, ప్లగ్ పీకి కాదు. కరెంటు ఉన్నట్టుండి పోతే ఫైళ్ళు చెడే ప్రమాదం ఉంది గనుక చిన్న యు.పి.ఎస్. మీద ఉంచండి. పాత ల్యాప్‌టాప్ వాడేవారు దాని బ్యాటరీ ఉబ్బిందేమో తప్పక చూసుకోవాలి. ఉబ్బితే వాడకుండా, బాగుచేసేవారి చేత తీయించేయండి.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు, ఒక ఖరీదైన పెద్ద డిస్కు బదులు అనేక చవక డిస్కులను కలిపి వాడే పద్ధతుల మీద ఒక పత్రం ప్రచురించారు. దానినే 'రెయిడ్' అంటారు. అందులో ఒక పద్ధతి, రెండు డిస్కులలో ఒకేసారి ఒకే విషయం రాయడం. ఒకటి చెడినా రెండోదానితో పని ఆగదు. బ్యాంకుకు ఇది కావలసిందే. కాని మన ఇంట్లో రెండు రోజులు సినిమా ఆడకపోతే మునిగేదేమీ లేదు. పైగా ఈ పద్ధతిలో మీరు పొరపాటున ఒక ఫొటో చెరిపితే అది రెండుచోట్లా ఒకేసారి చెరిగిపోతుంది. పిడుగుపాటుకు, దొంగకు, వరద నీటికి రెండు డిస్కులూ ఒకే పెట్టెలో దొరుకుతాయి.

కాబట్టి రెండు డిస్కులకే డబ్బున్నవారికి నా సలహా ఒకటే. రెండోది ఆ పెట్టెలో పెట్టకండి. అన్నీ దానిలోకి కాపీ చేసి, మరో ఊళ్ళో ఉన్న కొడుకు దగ్గరో, చెల్లెలి దగ్గరో ఉంచండి. పండుగకు వచ్చినప్పుడు తెప్పించుకొని, కొత్తవి చేర్చి, మళ్ళీ పంపండి. మూడో డిస్కు కొనగలిగితే ఇంట్లోనే విడిగా బీరువాలో పెట్టండి. నా 11 కేసెట్లను కాపాడింది ఖరీదైన యంత్రం కాదు, వేరే ఇంట్లో ఉండటం. అలాగని పెన్ డ్రైవ్‌ను ఏళ్ళ తరబడి నమ్మకండి, అది నా అదృష్టం.

2017 మే నెలలో వన్నాక్రై అనే చొరబాటు ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. అటువంటిది ఇంటి కంప్యూటర్‌లో చేరితే నెట్‌వర్క్‌లోని డిస్కును కూడా పట్టగలదు. వైరు తీసి బీరువాలో పెట్టిన డిస్కును పట్టలేదు. అందుచేత టీవీకి, పిల్లల ఫోన్లకు చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి, రాసే అనుమతి ఒక్కరికే ఉండాలి. బయట ఊళ్ళనుంచి చూసుకోవచ్చని ఎవరైనా రౌటర్‌లో తలుపులు తెరవమంటే వద్దనండి.

ఇంకో రెండు పనులు మనం తప్ప ఎవరూ చేయలేరు. మొదటిది పేర్లు. ఏ పేరూ లేని వేల ఫొటోలు గోనెసంచిలో పోసిన కాగితాల్లాంటివి. సంవత్సరం, ఊరు, మనిషి పేరు వరుసగా రాయండి. మీ పెళ్ళి ఫొటోలో వెనుక నిలబడిన మేనత్త ఎవరో మీ మనవరాలికి తెలియదు. మనతోనే ఆ పేరు పోతుంది.

రెండోది చార్జి లిస్టు. పదవీ విరమణ నాడు మనమందరం బీరువా తాళాలు, ఫైళ్ళ జాబితా రాసి, సంతకం పెట్టించుకొని చార్జి అప్పగించినవాళ్ళమే. ఇంటి పెట్టెకు అది ఎందుకు రాయం? ఏ డిస్కులో ఏముంది, రెండో కాపీ ఎవరి దగ్గరుంది, పాస్‌వర్డు ఏమిటి, ఎలా వేయాలి, ఎలా ఆపాలి అనేవి తెలుగులో ఒక కాగితం మీద రాసి పెన్షన్ కాగితాల పక్కన పెట్టండి. మీ శ్రీమతిగారి చేత, లేదా మీ వారి చేత, ఒకసారి ఆ కాగితం చూసి పాట వేయించండి. వేయలేకపోతే తప్పు వారిది కాదు, మన కాగితానిది. మళ్ళీ రాయండి.

ఏటా మనం బతికున్నామని లైఫ్ సర్టిఫికేట్ ఇస్తాం కదా. అదే రోజున రెండు కాపీలనూ తెరిపించి, నాలుగు ఫైళ్ళు ఆడించి చూడండి. డిస్కులకూ అది లైఫ్ సర్టిఫికేటే.

ఘంటసాలగారి భగవద్గీత పోతే మళ్ళీ దొరుకుతుంది. మీ ఇంట్లో మీ పెద్దలు పాడింది ఏ అంగట్లోనూ దొరకదు. ముందు అది ఎక్కించండి, సినిమాల సంగతి తరువాత. మరొక్క విన్నపం. రెండో కాపీ చేరవలసిన ఇంటికి చేరి, తెరుచుకొని వినిపించేదాకా ఆ కేసెట్లను పాత సామాన్లవాడికి వేయకండి.