మళ్ల పరీక్ష ఎప్పుడు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి నాకిచ్చిన అంశం "తల్లిదండ్రుల పెంపకం, యువత ఎంచుకునే దారులు". ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినవాణ్ని, పెంపకం గురించి నాకేం తెలుసని మొదట వద్దన్నాను. "ఇద్దరు పిల్లల తండ్రివి కదా సార్" అన్నారు. అదే అర్హత అయితే ఈ హాల్లో సగం మంది మాట్లాడాలి. సరే, ఒప్పుకున్నాను. చదివింది తక్కువ చెప్తాను, చూసింది ఎక్కువ చెప్తాను.

నేను ఈ బడిలో పదో తరగతి రాసింది 1981లో. అప్పటి మేడ్చల్, శామీర్‌పేట ఎట్లుండేవో చెప్తే ఈ పిల్లలు నమ్మరు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు, గోదాములు ఉన్న చోట అప్పుడు ద్రాక్ష పందిళ్లు ఉండేవి. మాదీ రెండెకరాల తోట, అనాబ్-ఎ-షాహి. అక్టోబరులో కత్తిరింపు, ఫిబ్రవరి మార్చి నెలల్లో కోత. పదో తరగతి పరీక్షలూ మార్చిలోనే. కాబట్టి తోట ఉన్న ప్రతి ఇంట్లో ఏటా అదే పంచాయితీ. పొద్దున పందిరి కింద, రాత్రి దీపం కింద. ఇక్కడ కూర్చున్న మా బ్యాచ్ వాళ్లు నవ్వుతున్నారు, వాళ్లకు గుర్తుంది.

పెట్టెలు లారీకెక్కించి రాత్రికి రాత్రి పట్నం తీసుకుపోయేవాళ్లు, మొజంజాహి మార్కెట్‌కు. పండ్ల మార్కెట్ కొత్తపేటకు మారింది 1986లో, ఆ తర్వాతి సంగతి. నాయన నన్ను కూడా లారీలో ఎక్కించుకునేవాడు. పెట్టె ఎంత పలికింది, అడ్తిదారు కమీషన్ ఎంత పట్టుకున్నాడు, ముందు తెచ్చుకున్న బాకీ కింద ఎంత పోయింది, చేతిలో ఎంత మిగిలింది, అన్నీ నా ముందే జరిగేవి. నాయన కూర్చోబెట్టి నేర్పింది ఏమీ లేదు. పక్కన నిలబడ్డాను, అంతే. ఇంటి లెక్క పద్నాలుగేళ్లకే నాకు తెలుసు.

ఆయన మెత్తటి మనిషి కాదు. కోపమొస్తే చేతికేది దొరికితే దానితో కొట్టేవాడు. అది మంచి పెంపకం అని నేను చెప్పను. మా తరం వాళ్లు "మమ్మల్ని కొట్టిండ్రు కాబట్టే బాగుపడ్డం" అంటుంటారు, నాకు ఆ మాట నచ్చదు. దెబ్బలు తిని పాడైనవాళ్లు ఇట్లాంటి సభలకు రారు, అందుకే వాళ్ల మాట మనకు వినపడదు.

1983లో ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల్లో తప్పాను. అప్పుడు పాసైనవాళ్ల నంబర్లు పేపర్లో వేసేవాళ్లు. బస్టాండు దగ్గర హోటల్లో పేపరు చూశాను, నా నంబరు లేదు. ఇంకో పేపరు చూశాను, అందులోనూ లేదు. సాయంత్రం దాకా చెరువు కట్ట మీద కూర్చున్నాను. చీకటి పడ్డాక ఇంటికి పోయి చెప్పాను. ఈసారి ఏది దొరుకుతుందో అని నాయన చేతులే చూస్తున్నాను. ఆయన రుమాలు విప్పి మళ్లీ చుట్టుకుని, "మళ్ల పరీక్ష ఎప్పుడు?" అన్నాడు. "సెప్టెంబరుల ఉంటది" అన్నాను. "అయితే కత్తిరింపు లోపలనే అయిపోతది" అన్నాడు. ఇంకో మాట లేదు. ఆ తర్వాత పాసయ్యాను. లెక్కలు వదిలి బి.ఏ.లో చేరతానన్నప్పుడు కూడా "సారు కొలువు వస్తదా?" అని ఒక్కటే అడిగాడు.

ఇక్కడితో ఆపితే మా నాయన ఆదర్శ తండ్రి అయిపోతాడు. కాని మాకు ఒక అక్క ఉంది, నాకంటే మూడేళ్లు పెద్ద. ఏడో తరగతి దాకా ఇదే బడిలో చదివింది. తరగతిలో మొదటి మనిషి. 1976లో ఏడు పాసైంది, ఆపేశారు. ఆడపిల్ల పెళ్లి వయసు 18 అని చట్టం మారింది 1978లో. అక్క పెళ్లి 1979లో, పదహారేళ్లకు. ఎవరూ చట్టం సంగతి అడగలేదు, అక్కనూ అడగలేదు. తప్పిన నాకు మళ్ల పరీక్ష ఉంది. పాసైన అక్కకు లేదు.

పెంపకం మీద ఏ పుస్తకం తెరిచినా మొదట వచ్చే పేరు డయానా బౌమ్రిండ్. అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1960ల్లో ఆమె పెద్దలను మూడు రకాలుగా చూపించింది. చెప్పింది చెయ్యి అనేవాళ్లు ఒక రకం. ఏం చేసినా సరే అనేవాళ్లు ఇంకో రకం. హద్దు పెడుతూనే ఎందుకో చెప్పి, పిల్లల మాట కూడా వినేవాళ్లు మూడో రకం. తర్వాత 1983లో మాకోబీ, మార్టిన్ అనే ఇద్దరు, అసలు పట్టించుకోనివాళ్లను కూడా కలిపి నాలుగు చేశారు. మంచి విభజనే. కాని నేను చదువుతున్నంతసేపూ నా సందేహం ఒకటే. మా నాయనను ఏ గడిలో వెయ్యాలి? నా విషయంలో ఒక గడి, అక్క విషయంలో ఇంకో గడి. ఇంటికి ఒకే శైలి ఉంటుందనుకోవడం దగ్గరే మనం పొరపాటు పడుతున్నాం అనిపిస్తుంది. పెద్దోడికి ఒక న్యాయం, చిన్నోడికి ఒక న్యాయం, ఆడపిల్లకు ఇంకో న్యాయం. పిల్లలు ఇది మనకంటే ముందే కనిపెడతారు.

తర్వాత మన దగ్గర జరిగింది మీ అందరికీ తెలుసు. 1998లో నల్సార్ వచ్చింది, శామీర్‌పేటలో. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ వచ్చింది. 2008లో జవహర్‌నగర్ దగ్గర బిట్స్ పిలానీ క్యాంపస్ వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మన కండ్లకోయ దగ్గరి ముక్కతో 2018లో పూర్తయింది. 2016లో మన పేరు మీదే జిల్లా వచ్చింది. పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి. నేను చదువులో ఎక్కినంత ఎత్తు మా పక్క పొలం ధర నాలుగేళ్లలో ఎక్కింది.

తుర్కియేలో చిగ్దెమ్ కాగిట్చిబాషి అనే ఆవిడ కుటుంబాల మీద చాలా ఏళ్లు పనిచేసింది. పల్లెలో పిల్లల చేతులు పనికి కావాలి, రేపు ముసలితనంలో వాళ్లే ఆసరా కావాలి, అందుకే పెద్దలకు మాట వినే పిల్లలు కావాలి. చేతిలో డబ్బు మెదిలితే ఆ అవసరం తగ్గుతుంది, ప్రేమ మాత్రం తగ్గదు, అప్పుడు పిల్లలకు కొంత స్వేచ్ఛ ఇచ్చినా బంధం తెగదు అని ఆమె చెప్పింది. మన దగ్గర డబ్బు వచ్చింది, అవసరం పోయింది. కాని తండ్రీకొడుకులు పక్కపక్కన నిలబడే పందిరి కూడా పోయింది. దాని బదులు ఇంకోటి వేసుకోలేదు. కొందరు తండ్రుల దగ్గర హుకుం మిగిలింది, కొందరి దగ్గర డబ్బు మిగిలింది. మాట రెండు చోట్లా పోయింది.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి సంగతి చెప్తాను. ఊరు, పేరు చెప్పను. తండ్రి నాలుగెకరాలు అమ్మాడు. ఇల్లు కట్టాడు, కొడుక్కు కారు కొన్నాడు, మేనేజ్‌మెంట్ కోటాలో ఇంజనీరింగ్ సీటు కొన్నాడు. కొడుకు అడిగిందానికి కాదన్నది లేదు. ఆ అబ్బాయి మూడో ఏడు చదువు మానేశాడు, ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున కారేసుకుని కాలేజీకని పోయేవాడు. ఫోన్లో పందేలు మొదలైనాయి. మన రాష్ట్రంలో వాటిని 2017లోనే నిషేధించారు, అయినా ఫోన్‌కు తెలియదు కదా. ఆపైన లోన్ యాప్‌లు. ఒకరోజు మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. "మీ నాయనకు చెప్పినవా?" అన్నాను. "మా ఇంట్ల పైసలు ఎన్ని ఉన్నయో నాకు తెల్వదు సార్. అడిగితే 'నీకెందుకు, నేనున్న' అంటడు. ఇప్పుడు ఏమని చెప్పాలె?" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఏదీ కాదనని తండ్రి. కాని ఆ ఇంట్లో చెడు వార్త పెట్టడానికి చోటు లేదు. నేను వెంట పోయాను. తండ్రి అరిచాడు, తర్వాత గడప మీద కూలబడ్డాడు. ఒక ప్లాటు అమ్మి బాకీలు కట్టారు. అబ్బాయి ఇప్పుడు ఒక గోదాములో సూపర్‌వైజరు. తండ్రితో ఇప్పటికీ అవసరానికి మించి మాట్లాడడు. ముగింపు బాగాలేదని నాకూ తెలుసు, కాని జరిగింది అదే.

2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. తొమ్మిది లక్షల పైచిలుకు పిల్లలు రాశారు, మూడు లక్షల మందికి పైగా తప్పారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. తప్పినవాళ్లందరి జవాబు పత్రాలూ రుసుము లేకుండా మళ్లీ చూడాలని ప్రభుత్వం ఆదేశించింది. ఈలోపు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రులను వేలెత్తి చూపడానికి నేనిది చెప్పడం లేదు. తప్పు మార్కుల లెక్కలో ఉంది, ఫెయిలైతే బతుకే లేదని నేర్పిన మనందరిలో ఉంది. ఆ వారం మా కాలేజీకి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది నన్ను అడిగింది రీవెరిఫికేషన్ గురించి కాదు. "ఇంట్ల ఎట్ల చెప్పాలె సార్?" అని.

2000లో స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు పద్నాలుగేళ్ల పిల్లలు ఏడు వందల మందితో, వాళ్ల తల్లిదండ్రులతో ఒక అధ్యయనం చేశారు. పిల్లలు ఎక్కడ తిరుగుతున్నారో, ఎవరితో ఉంటున్నారో పెద్దలకు ఎట్లా తెలుస్తుందని చూశారు. నిఘా పెడితే, ఆంక్షలు పెడితే తెలుస్తుందని మనం అనుకుంటాం. తేలిందేమిటంటే, పెద్దలకు తెలిసిందాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పింది. ఫోన్ వెతికే తల్లిదండ్రులు ఈ హాల్లో ఉంటే ఇంటికెళ్లి ఆలోచించండి. నేనూ వెతికినవాణ్నే.

అవును, ఇదంతా తెలిసినవాడు తన పిల్లల్ని ఎట్లా పెంచాడని మీరు అడగాలి. మా అమ్మాయిని పదో తరగతి అయిన మర్నాడే ఎం.పి.సి.లో, హాస్టల్ ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో చేర్పించాను. ఏ కాలేజీ అనేది అనవసరం, అప్పుడు అందరం అట్లాంటి వాటిలోనే చేర్పించాం. ఆదివారం ఫోన్. "బాగున్న నాన్నా" అనేది. రెండేళ్లూ బాగున్ననే అంది. ఇంజనీరింగ్ చదివింది, ఉద్యోగం చేసింది. ఇరవై ఏడేళ్లకు ఉద్యోగం మానేసి లాసెట్ రాస్తానంది. నేను బిత్తరపోయాను. "చిన్నప్పుడు అమ్మమ్మ ఊరికి పోతుంటే బస్సు నల్సార్ ముందు నుంచే పోయేది కదా నాన్నా, అప్పటి నుంచి ఉంది" అంది. "మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాను. "హాస్టల్‌కు ఫోన్ చేసినప్పుడు నువ్వు మార్కులు అడిగినంక తిన్నవా అని అడిగేటోనివి. తిన్నవా అని ముందు అడిగి ఉంటే చెప్పేదాన్నేమో" అంది.

లెక్కల్లో తప్పిన నన్ను మా నాయన అడిగిన మాట నేను నా కూతురిని అడగలేకపోయాను. చదువుకున్నవాణ్ని, లెక్చరర్‌ని. ఆమె ఇప్పుడు ప్రాక్టీసు చేస్తోంది. తిన్నవా అని ముందు అడగడం నేర్చుకున్నాను. కాస్త ఆలస్యంగా.

వెనక నిలబడ్డ పిల్లలకు ఒక్క మాట. ఇంట్లో చెప్పలేని వార్త ఉంటే ఈ బడి సార్లకు, మేడమ్‌లకు చెప్పండి. వాళ్లకూ చెప్పలేకపోతే 14416కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. పైసలు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నంబరు ఈ సంచిక వెనక అట్ట మీద కూడా వెయ్యమని కార్యదర్శిని అడిగాను, వేస్తామన్నారు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మన సభ్యత్వ ఫారంలో "పదో తరగతి ఉత్తీర్ణులైన సంవత్సరం" అని ఒక గడి ఉంది. పోయిన నెల నేను ఫారం నింపుతుంటే అక్క పక్కనే కూర్చుని చూసింది. "నాకు రాసేందుకు ఏం లేదు గదరా" అంది. ఏడో తరగతితో, ఎనిమిదో తరగతితో ఈ బడి మానేసిన ఆడపిల్లలు మన బ్యాచ్‌లలో ఎంతమంది ఉన్నారో హాజరు పట్టీలు తీస్తే తెలుస్తుంది. ఆ గడిని "బడిలో చదివిన సంవత్సరాలు" అని మార్చమని కోరుతున్నాను. అక్క ఇవాళ వచ్చింది, మూడో వరసలో కూర్చుంది. నా జేబులో ఇంకో ఫారం ఉంది, భోజనాలప్పుడు కార్యదర్శికి ఇస్తాను.