నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన: భయం దేనికి పడాలి?

(మొన్న సెలవు రోజు సాయంత్రం దుబాయ్‌లో ఒక క్యాంపు మెస్ హాల్లో చెప్పిన మాటలు ఇవి. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ల కోసం రాసి పెడుతున్నాం.)



రెండు వారాల నుంచి గ్రూపులో ఒకటే ప్రశ్న. "నల్లా నీళ్లు బ్లీచింగ్ పౌడర్ వాసన కొడుతున్నయి, తాగొచ్చా?" అని. కొందరు ఆ వాసనకు నీళ్లు తాగడమే తగ్గించారట. దప్పికైతే కోలా కొనుక్కుంటున్నారట. నిజం చెప్తున్నా, క్లోరిన్ కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను డాక్టర్ను కాదు. పదకొండేళ్లుగా బిల్డింగుల్లో పంపు రూములు, నీళ్ల ట్యాంకులు చూసుకునే పని నాది. నాకు తెలిసింది చెప్తా.

ఇక్కడ మనకొచ్చే నీళ్లు చాలావరకు సముద్రం నీళ్లే. ఉప్పు తీసి, క్లోరిన్ కలిపి పైపుల్లో పంపిస్తారు. వానకాలంలో మన పంచాయతీ వాళ్లు బాయిలో బ్లీచింగ్ పౌడర్ వేయడం మీరు చూసే ఉంటారు. పని అదే. కలరా, టైఫాయిడ్, విరేచనాలు తెచ్చే క్రిములను చంపుతుంది. నల్గొండ తమ్ముడు ఒకాయన "మా దిక్కు నీళ్లతోని కాళ్లు వంకర పోయినయి, ఇది గూడ అదేనా అన్నా?" అని అడిగాడు. కాదు తమ్ముడూ. అది ఫ్లోరైడ్, భూమిలో రాళ్లలోంచి నీళ్లలోకి వచ్చేది. పేర్లు దగ్గర దగ్గరగా ఉన్నా రెండూ వేరు.

నల్లా దగ్గర లీటరు నీళ్లలో 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే ఆ నీళ్లకు కాపలా ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. మన ముక్కు అంతకన్నా చాలా తక్కువకే వాసన పట్టేస్తుంది. కాబట్టి వాసన వచ్చిందంటే విషం అని కాదు.

మరి క్లోరిన్‌తో నష్టమే లేదా అంటే, ఉంది, దాచను. నీళ్లలో ఉన్న ఆకు, నాచు లాంటి కుళ్లుతో క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్లు అనే పదార్థాలు తయారవుతాయి. అవి ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి వాడినవాళ్లలో మూత్రాశయం క్యాన్సర్ కొంచెం ఎక్కువగా కనిపించిందని పరిశోధనలు ఉన్నాయి. అందుకే వాటికి కూడా హద్దులు పెట్టారు. కానీ ఆ భయంతో క్లోరిన్ మానేస్తే, క్రిములతో వచ్చే ముప్పు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. జుట్టు సంగతి కూడా అడిగారు. క్లోరిన్‌తో వెంట్రుక పొడిబారుతుంది, చర్మం కొంచెం దురద పెడుతుంది. కుదుళ్లతో సహా ఊడిపోతుంటే మాత్రం అన్నీ నీళ్ల మీదికి తోయకండి. రక్తం తక్కువ ఉందేమో చూపించుకోండి, ఇంట్లో నాయనకు బట్టతల ఉందా అని కూడా గుర్తు చేసుకోండి.

నా అనుభవంలో అసలు తేడా మన క్యాంపు ట్యాంకులోనే వస్తుంది. ఎండకు కాగే ట్యాంకులో క్లోరిన్ తొందరగా ఎగిరిపోతుంది. మూత సరిగా లేకపోతే దుమ్ము, పిట్ట రెట్ట పడతాయి. అడుగున బురద పేరుకుంటుంది. అప్పుడు నల్లాలో ఏ వాసనా రాదు, మనమేమో నీళ్లు బాగున్నాయనుకుంటాం. మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర చిన్న టెస్ట్ కిట్ ఉంటుంది. మందు వేస్తే నీళ్లు గులాబి రంగుకు తిరుగుతాయి. వంటగది నల్లా దగ్గర ఒకసారి చేసి చూపించమని అడగండి. ట్యాంకులోకి నీళ్లొచ్చే పైపు దగ్గర చూస్తే లాభం లేదు. ట్యాంకు ఎప్పుడు కడిగారో తారీఖు అడగండి, ఆరు నెలలు దాటిందా అని చూడండి. ఒక్కరే పోతే "నీకెందుకు" అంటారు. రూముకు ఒకరు చొప్పున కలిసి పోండి. మీరే ట్యాంకెక్కి క్లోరిన్ పోయకండి, కొలత తప్పితే అందరికీ కష్టం. కూలర్ ఫిల్టర్ మీద మార్చిన తారీఖు కూడా చూడండి. ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది. ఎక్కువ రోజులు మార్చకుండా వదిలేస్తే అందులోనే క్రిములు పెరుగుతాయి.

వాసన పడనివాళ్లు రాత్రి శుభ్రమైన గిన్నెలో నీళ్లు పోసి, పలుచని బట్ట కప్పి పెట్టండి. తెల్లారేసరికి వాసన చాలావరకు పోతుంది. క్లోరిన్ పోయింది కాబట్టి ఆ నీళ్లు ఆ రోజే అయిపోవాలి. సైటు మీద మాత్రం నీళ్లు తగ్గించొద్దు. వేడిలో నీళ్లు లేకుండా పనిచేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. గల్ఫ్‌లో పనిచేసి వెళ్లిన నేపాలీ యువకుల్లో కిడ్నీ జబ్బుల గురించి అక్కడి డాక్టర్లు చాలాకాలంగా చెప్తున్నారు. మూత్రం చిక్కటి పసుపు రంగుకు వస్తే నీళ్లు చాలట్లేదని గుర్తు.

ఇప్పుడు క్లీనింగ్ పనిలో ఉన్నవాళ్లు గట్టిగా వినండి. క్లోరిన్ వల్ల మనవాళ్లు నిజంగా ఆస్పత్రి పాలయ్యేది బాత్రూంలో.

గోదావరి వైపు తమ్ముడు ఒకడు, ఒక బిల్డింగులో క్లీనర్. టాయిలెట్‌లో యాసిడ్ పోశాడు, మరక పోలేదని దాని మీదే బట్టల బ్లీచ్ పోశాడు. తలుపు వేసి ఉంది, ఫ్యాన్ లేదు. యాసిడ్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. 1915లో బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం యుద్ధంలో వదిలింది ఇదే గ్యాసు. దగ్గుతూ బయటికొచ్చాడు, కాసేపటికి బాగానే ఉందనిపించి సూపర్‌వైజర్‌కు చెప్పకుండా రూముకు పోయి పడుకున్నాడు. అర్ధరాత్రి ఊపిరాడలేదు. రూమువాళ్లు ఆలస్యం చేయకుండా తీసుకుపోయారు కాబట్టి బతికాడు, నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. "ఘాటు ఎక్కువుంటే బాగా శుభ్రమవుద్ది అనుకున్నానన్నా" అన్నాడు నాతో.

బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ, అమోనియా ఉన్న అద్దాల లిక్విడ్‌తో గానీ కలపొద్దు. ఒకటి వాడాక నీళ్లతో బాగా కడిగేదాకా రెండోది ముట్టొద్దు. స్విమ్మింగ్ పూల్ దగ్గర పనిచేసేవాళ్లు క్లోరిన్ పొడినే నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయొద్దు. గ్యాస్ వచ్చిందా, సామాను అక్కడే వదిలేసి గాలి ఉన్న చోటికి పోండి. అది గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది, కాబట్టి బేస్‌మెంట్ వైపు పోవద్దు. తడిసిన బట్టలు విప్పేయండి, కళ్లు పదిహేను నిమిషాలు నీళ్లతో కడగండి. ఆయాసం, ఛాతి బిగుసుకోవడం ఉంటే 998కి ఫోన్ చేయండి. బాగానే ఉందనిపించినా ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోండి, ఊపిరితిత్తుల్లో నీరు కొన్ని గంటల తర్వాత చేరవచ్చు. ఏ డబ్బాలు కలిశాయో ఫోటో తీసుకుపోతే డాక్టర్‌కు పని సులువవుతుంది.

డబ్బా మీద రాసింది అర్థం కాకపోతే లేబుల్ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, లేకపోతే వాయిస్ మెసేజ్ పంపండి. నైట్ షిఫ్ట్‌లో ఉంటే నా జవాబు తెల్లారి వస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బా మూత తీయకండి.