మధుమేహమున మండు పాదములు, మొద్దుబారు పాదములు



చెఱకు పండించి, బెల్లము వండి, గోవాడ మిల్లుకు బండ్లు తోలిన ఈ చోడవరము ప్రాంతమున మధుమేహమును గూర్చి ప్రసంగించుట విందులో చేదు వడ్డించినట్లుండును. గ్రామ లెక్కలు వ్రాసికొనువానికి వైద్యమేల యని నవ్వుదురేమో. ఈ గ్రంథాలయపు పుస్తకములే నన్నీ సాహసమునకు పురికొల్పినవి.

ఒకే వీధిలో ఇద్దరు రోగు లుందురు. ఇద్దరికిని పదేండ్ల నుండి చక్కెర వ్యాధియే. ఒకరికి రాత్రి పడుకొనగనే అరికాళ్లు నిప్పులపై నుంచినట్లు మండును. దుప్పటి తగిలినను ఓర్వజాలరు. మఱియొకరికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. చరకసంహిత ప్రమేహ పూర్వరూపములలో కరచరణముల సుప్తతను, దాహమును ఒక్కచోటనే చెప్పినది. ఇచట దాహమనగా దప్పిక కాదు, మంట. మొద్దుబారుటయు మండుటయు ఒక్క చెట్టు కొమ్మలేయని ప్రాచీనులు గుర్తించుట నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది.

రక్తమున చక్కెర చిరకాలము హెచ్చియున్నచో నరముల తంతువులును, వానికి ఆహార మందించు సన్నని రక్తనాళములును చెడును. కాలివ్రేళ్లకు పోవు తంతువులు మిక్కిలి పొడవైనవి గనుక ముందుగా అవియే దెబ్బతినును. నొప్పిని, వేడిని తెలుపు సన్నని తంతువులు కొందఱిలో పూర్తిగా చావక, గాయపడి ఉద్రేకించి యుండును. వాని పొరలో సోడియమును లోనికి విడుచు ద్వారములు కలవు. అవి మాటిమాటికి తెఱచుకొన్నచో గాయము లేకయే నొప్పివార్త బయలుదేరును. మా లెక్కల భాషలో, పంట లేని మడికి శిస్తు వ్రాసినట్లే! ఆ ద్వారములకు సంబంధించిన జన్యువులలో కొందఱికి పుట్టుకతోనే స్వల్పభేదము లుండునని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. పైగా వెన్నుపాము, మెదడు ఆ వార్తను తగ్గింపక పెంచి చూపుటయు కలదు. నరములు సమానముగా చెడిన ఇద్దరిలో ఒకరే బాధపడుట కివి కారణములు.

కనుక "కాలు బాగానే యున్నది, వట్టి భ్రమ" యని ఇంటివారు గద్దించుట అన్యాయము. ఈ మంటకు సామాన్యపు నొప్పిమాత్రలు అంతగా పనిచేయవు. నరముల ఉద్రేకమును తగ్గించు అమిట్రిప్టిలిన్, ప్రిగాబాలిన్ వంటి మందులను వైద్యుడే నిర్ణయింపవలెను. మెట్‌ఫార్మిన్ చిరకాలము వాడినవారిలో బి-12 విటమిను తగ్గియు ఇట్టి బాధ కలుగవచ్చును. అది రక్తపరీక్షతో తేలును.

నాకు ఎక్కువ భయము నొప్పి లేనివానిని గూర్చియే. అతడు చెఱకు మోళ్లలో చెప్పులు లేక నడచును. పుండు ముదిరి వాసన వచ్చిన పిదపగాని ఆసుపత్రికి పోడు; అప్పటికి వ్రేలో, కాలో తీసివేయవలసి వచ్చును. ప్రతిరాత్రి దీపము వెలుగున అరికాళ్లు చూచుకొనవలెను. చూపు ఆననివారికి మనుమలు చూడవచ్చును. కాళ్లు కడుగుకొను వేడినీటిలో ముందు మోచేయి ముంచి చూడవలెను. ఆ పాదమునకు వేడి తెలియదు.