చిన్న యంత్రము – ఊరి గాలి
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేయబడిన ప్రసంగపాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగులకు బదిలీలు సహజములు. సామానుతోపాటు పిల్లల ఆటవస్తువులును ఊరూరు తిరుగుచుండును. వానిలో ఊరు మారినంతనే స్వభావము మార్చుకొను వస్తువొకటి కలదు. అదియే నైట్రో ఇంధనముతో పరుగెత్తుచు, రేడియోతో నియంత్రింపబడు ‘మాన్‌స్టర్ ట్రక్కు’. వీణను శ్రుతి చేయునట్లు దానిని శ్రుతి చేయవలసియుండును.

ఈ పెద్ద చక్రముల బండ్లు అమెరికాలో పుట్టినవి. 1981లో ‘బిగ్‌ఫుట్’ అను ట్రక్కు పాత కార్లను తొక్కి నుగ్గు చేసి జనుల కుతూహలమును రేపెను. దాని జాతి చిన్నబండ్లలో పేరుగాంచినది 1999లో ట్రాక్సాస్ సంస్థ వెలువరించిన టీ-మాక్స్. దాని తొలి యంత్రము పరిమాణము 2.5 ఘన సెంటీమీటర్లు. అనగా అరచెంచా మందు పట్టునంత చోటు. అయినను అట్టి యంత్రములు నిమిషమునకు 20,000 చుట్లకు మించి తిరుగును.

ఇంత శక్తికి మూలము ఇంధనమే. అందు మిథనాలు, నైట్రోమీథేను, నూనె కలిసియుండును. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు 14.7 కిలోల గాలి కావలెను. మిథనాలునకు సుమారు ఆరున్నర కిలోలు చాలును. తనలోనే ప్రాణవాయువు గల నైట్రోమీథేనునకు 1.7 కిలోలే చాలును. కావున అదే గాలితో ఎక్కువ ఇంధనము మండి, ఎక్కువ బలము వచ్చును. ఇక నూనెలలో ఒకటి మన యిండ్లలో ఎరిగిన ఆముదమే. మొదటి ప్రపంచయుద్ధమున విమాన యంత్రములను కాపాడిన ఆముదమే నేడు ఈ చిన్న పిస్టనునకును రక్ష.

ఈ యంత్రమున పెట్రోలు యంత్రమందువలె నిప్పురవ్వ పుట్టించు ఏర్పాటు లేదు. 1947లో రే ఆర్డెన్ అను అమెరికను ప్రచారమునకు తెచ్చిన గ్లో ప్లగ్గు కలదు. దాని ప్లాటినపు తీగను ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో ఎర్రగా కాల్చి యంత్రమును నడిపింతురు. పిమ్మట బ్యాటరీని తీసివేసినను, మిథనాలు తాకిడివలన ఆ తీగ వెలుగుచునే యుండును. అందుచేత మంట పుట్టు సమయము వేడిమి మీదను, మిశ్రమము మీదను ఆధారపడును. శ్రుతి చేయుట యనగా ఆ మిశ్రమమును సరిపరచుటయే.

కార్బురేటరునందు ఇంధనమును అదుపుచేయు సూదులు రెండుండును: వేగమునకొకటి, నెమ్మదికొకటి. సూదిని కుడికి త్రిప్పిన మిశ్రమము పలుచబడును. ఎడమకు త్రిప్పిన చిక్కబడును. ముందు యంత్రమును బాగుగా వేడెక్కనీయవలెను. తరువాత వేగపు సూదిని, ఆపై నెమ్మది సూదిని చూడవలెను. ఒక్కసారికి ఎనిమిదవ వంతు చుట్టుకు మించి త్రిప్పరాదు. బండి పూర్తివేగమున పోవునప్పుడు వెనుక సన్నని పొగ గీత కనబడుచుండవలెను. పొగ మాయమైనచో నూనె చాలలేదని అర్థము. కేక పెట్టుచు పరుగెత్తు ఆ క్షణముననే పిస్టను అరిగిపోవుచుండును. యంత్రము తలపై వేసిన నీటిబొట్టు మూడు నాలుగు సెకండ్లలో ఆవిరియైన వేడిమి సరియైనది. తాకగానే ఎగిరిపోయిన అతివేడి.

ఇప్పుడు ఊరి మాట. మద్దేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, 2007లో ఏర్పడిన బీజాపూరు జిల్లాలో, భోపాలపట్నమునకు పోవు దారిలో నున్నది. తెలుగును గోండియును వినబడు సీమ అది. అచ్చటి మే నెల మధ్యాహ్నము 42 డిగ్రీల వేడిలో చక్కగా శ్రుతి చేసిన బండిని, బదిలీపై ఢిల్లీకి కొనిపోయి, జనవరి ఉదయము 10 డిగ్రీల చలిలో నడిపినారనుకొందము. ఒత్తిడి సమానముగా నున్నచో ఆ చల్లగాలి సాంద్రత పదింట ఒక వంతు అధికము. గాలి పెరిగినది, సూది మారలేదు, మిశ్రమము పలుచబడినది. పిల్లవాడు “మునుపటికంటె జోరుగా పోవుచున్నది” అని సంతోషించుచుండగనే యంత్రము చెడును. ఢిల్లీ చలిలో సరిచేసిన బండి మద్దేడు ఎండలో పొగ చిమ్ముచు మందగించును. అది ప్రమాదము కాదు. కావున చలికి పోవునప్పుడు ముందుగా సూదిని కొంచెము ఎడమకు త్రిప్పుట క్షేమము.

శ్రుతి కుదిరిన పిమ్మటనే మార్పుల ఆలోచన చేయవలెను. చాలమంది మొదటనే పెద్ద యంత్రమును కొందురు. ఆ బలమునకు గేర్లు విరుగును. ఉక్కు గేర్లు వేసిన ఇరుసులు వంగును. ఇరుసులు మార్చిన డబ్బు కరగును. ఒక భాగపు బలము దాని ప్రక్క భాగమునకు భారమగును. కావున మన దుమ్ముదారులలో మొదటి మార్పు నూనెలో తడిపిన శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు, రెండవది మంచి బేరింగులు, తరువాత గేర్లు, షాక్ అబ్సార్బర్లు, చిట్టచివర యంత్రము.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. మిథనాలు విషము, మ్రింగిన చూపు పోవును, ప్రాణమే పోవచ్చును. దాని మంట పగటివెలుగులో కంటికి దాదాపు కనబడదు. ఇంధనపు డబ్బాను బిడ్డల చేతికందనీయరాదు. పెద్దలు ప్రక్కనుండగా ఆరుబయటనే నింపవలెను.

పోయిన ఊరి శ్రుతిని వచ్చిన ఊరిలో వినిపించుమని యంత్రమును నిర్బంధింపరాదు. క్రొత్త ఊరిలో బండిని దింపిన నాడు తొలుత చేయవలసిన పని పరుగు కాదు. అచ్చటి గాలికి తగినట్లు సూదిని సరిచూచుట.