షుగర్ పరీక్షతో పాటు హెపటైటిస్ సి పరీక్ష కూడా



మేము డాక్టర్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయులం. అయినా ఈ వేదిక మీద ఒక జబ్బు గురించి మాట్లాడడానికి కారణం మా ఇంట్లోనే ఉంది.

మేము భాయిజాన్ అని పిలుచుకునే మా పెద్దన్నకు ఎన్నో ఏళ్లుగా షుగర్. అన్నం తగ్గించారు, చాయ్‌లో చక్కెర మానేశారు, ఫజర్ నమాజు తర్వాత రోజూ నడిచారు. షుగర్ మాత్రం దిగలేదు. నోరు కట్టుకోవడం లేదని మేమే ఆయనను దెప్పిపొడిచాం. చివరికి కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో హెపటైటిస్ సి ఉందని తేలింది. ఆ రోజు నుంచి ఆయన గ్లాసు వేరు, పళ్లెం వేరు. దస్తర్‌ఖాన్ పరిస్తే ఆయన గదిలోంచి బయటికి రావడం మానేశారు. బీఎడ్ చదివిన మేమూ నోరు మెదపలేదు. ఆ తప్పు మాదే.

తర్వాత తెలుసుకున్నాం. ఈ వైరస్‌ను 1989లో గుర్తించారు. ఆ పరిశోధనకు 2020లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇది ముఖ్యంగా రక్తం ద్వారా సోకుతుంది. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడినా, పరీక్షించని రక్తం ఎక్కించినా, మంగలి కత్తి, పచ్చబొట్టు సూది, హిజామా బ్లేడు మార్చకపోయినా రావచ్చు. కలిసి తింటే రాదు. చేయి కలిపితే, ఆలింగనం చేసుకుంటే రాదు. భాయిజాన్‌కు 1990ల్లో లారీ ప్రమాదం తర్వాత రక్తం ఎక్కించారు. అప్పట్లో దానం చేసిన రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి కాదు. జ్వరమొస్తే సూది పడాల్సిందే అనుకునే ఊళ్లు మనవి. ఎక్కడ సోకిందో ఎవరు చెప్పగలరు?

మరి దీనికీ షుగర్‌కూ సంబంధం ఏమిటి? పిల్లలకు చెప్పినట్టే చెబుతాం. ఇంటి బయట కాలింగ్ బెల్ నొక్కితే లోపల మోగాలి, తలుపు తెరవాలి. ఇన్సులిన్ ఆ బెల్ నొక్కే మనిషి. హెపటైటిస్ సి వైరస్‌లోని ఒక ప్రొటీన్, కాలేయ కణాల లోపల ఆ కబురును చేరవేసే వైరును దెబ్బతీస్తుంది. వాపు వల్ల పుట్టే రసాయనాలు దానికి తోడవుతాయి. ఇక రక్తంలోకి చక్కెర వదలడం ఆపమని ఇన్సులిన్ చెప్పినా కాలేయం వినదు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి చేసి అలసిపోతుంది. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. అందుకే ఈ వైరస్ ఉన్నవారిలో షుగర్ జబ్బు మిగతావారికంటే ఎక్కువ. షుగర్ తోడైతే కాలేయం గట్టిపడడం కూడా త్వరపడుతుంది.

షుగర్ ఉన్న అందరికీ ఈ వైరస్ ఉందని కాదు. చాలామందికి ఉండదు. కానీ ఉన్నవారికి ఏళ్ల తరబడి ఏ నొప్పీ తెలియదు. పరీక్ష ఒక్కటే దారి.

శుభవార్త ఏమిటంటే దీనికి మందు ఉంది. సోఫోస్బువిర్ అనే మాత్ర 2013లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాల కోర్సు 84,000 డాలర్లు. 2014లో మన దేశపు కంపెనీలకు దాని తయారీ లైసెన్స్ దొరికింది. హైదరాబాద్‌కు చెందిన హెటెరో, ఆ తర్వాత నాట్కో ఆ మందును చౌకగా తయారుచేశాయి. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టి, పరీక్షలు, మందులు ఉచితం చేసింది. సాధారణంగా 12 వారాలు మాత్రలు వాడితే నూటికి తొంభై అయిదు మందికి నయమవుతుంది. నయమైన కొందరిలో షుగర్ కూడా తగ్గుముఖం పడుతుంది. అందుకే ఈ చికిత్సలో షుగర్ మరీ పడిపోకుండా డాక్టరు చూసుకోవాలి, మందుల మోతాదు ఆయనే మార్చాలి. ఎవరూ సొంతంగా మాత్రలు ఆపకూడదు.

దాతలారా, మా మనవి మూడు మాటలు.

మన సంస్థ పెట్టే షుగర్ శిబిరాల్లో హెపటైటిస్ సి పరీక్ష కూడా చేర్చండి. వేలి నుంచి రక్తం తీసే సూది మనిషికొకటి వాడి పారేయాలని పట్టుబట్టండి.

మొదటి పరీక్షలో పాజిటివ్ వస్తే వైరస్ ఇంకా రక్తంలో ఉందో లేదో తేల్చే రెండో పరీక్ష తప్పనిసరి. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మందు ఉచితమే కావచ్చు. కానీ భూపాలపల్లి గనుల్లో కాంట్రాక్టు కూలీకి, మహబూబాబాద్ దగ్గర మిర్చి ఏరే తల్లికి ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలి పోతుంది. ఆ కూలి, ఆ బస్సు చార్జీ మీరివ్వండి.

మూడోది డబ్బుతో పని లేనిది. ఈ జబ్బు ఉన్నవారిని వేరుగా కూర్చోబెట్టకండి.

భాయిజాన్‌కు నయమైంది. షుగర్ మాత్ర ఒకటి డాక్టరు తగ్గించారు. ఇప్పుడు అందరితో కలిసే తింటున్నారు. కానీ ఆయన ఒంటరిగా తిన్న ఆ రోజులను మేము తిరిగి ఇవ్వలేం. ఇంకో ఇంట్లో అలా జరగకుండా మాత్రం మనమందరం చూడగలం.